అన్నయ్య ల్యాప్‌టాప్‌లో ఒక తీరు, నా ల్యాప్‌టాప్‌లో ఇంకో తీరు: ఏ నియమం ఎక్కడ రాసుకోవాలి?

ప్రశ్న

గజపతి జిల్లా పర్లాకిమిడి నుంచి ఒక పాఠకురాలు రాశారు. పేరు వేయొద్దన్నారు. ఆమె, పెద్దమ్మ గారి అబ్బాయి కలిసి ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ పనులు చేస్తున్నారు. ఆమెను ఈ పనిలోకి తీసుకొచ్చింది, నేర్పింది ఆ అన్నయ్యే. ప్రస్తుతం చేతిలో మూడు పనులున్నాయి. ఊళ్లోనే ఒక ఎరువుల దుకాణానికి బిల్లింగ్ ప్రోగ్రామ్, దాని స్క్రీన్ మీద ఒడియా, తెలుగు రెండూ ఉంటాయి. సరిహద్దు దాటితే వచ్చే పాతపట్నంలో ఒక రైస్ మిల్లుకు స్టాకు లెక్కలు. హైదరాబాద్‌లోని ఒక కంపెనీకి కాంట్రాక్టు మీద వెబ్‌సైట్ పని.

అన్నయ్య క్లాడ్ కోడ్ వాడతారు, ఈమె కర్సర్ వాడతారు. రెండూ చెప్పినట్టు కోడ్ రాసిపెట్టే ఏఐ అసిస్టెంట్లు. అసిస్టెంట్‌కు చెప్పాలని అన్నయ్యకు తోచిన ప్రతి నియమమూ తన ల్యాప్‌టాప్ హోమ్ ఫోల్డర్‌లోని గ్లోబల్ ఫైలులోకే (ఏ ప్రాజెక్టు తెరిచినా అసిస్టెంట్ చదివే ఫైలు) వెళ్తుంది. అది ఇప్పుడు 400 లైన్లు దాటింది. ఈమధ్య వరసగా మూడు ఇబ్బందులు వచ్చాయి. ఎరువుల దుకాణం బిల్లుల్లో, కొన్నది ఊళ్లోవాళ్లే అయినా, ఒకే రాష్ట్రంలోని అమ్మకానికి వేసే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ పడాల్సిన చోట రెండు రాష్ట్రాల మధ్య అమ్మకానికి వేసే ఐజీఎస్టీ పడింది. రిటర్న్ వేయకముందే లెక్కలు రాసే గుమస్తా పట్టుకోబట్టి సరిపోయింది. అదే ప్రోగ్రామ్‌లో ఒడియా లేబుళ్లు కొన్ని తెలుగులోకి మారిపోయాయి. హైదరాబాద్ కంపెనీ రెపోలోకి (కోడ్‌ను, దాని మార్పుల చరిత్రను గిట్ అనే టూల్‌తో దాచే చోటు) అన్నయ్య సొంత సెట్టింగ్స్ ఫైలు కమిట్ అయిపోయింది, అంటే ఆ చరిత్రలో నమోదైపోయింది. ఆ ఫైలులో టెస్ట్ డేటాబేస్ పాస్‌వర్డ్ ఉంది. దాంతోపాటు వాళ్లు వాడని ఎన్‌పీఎం (కోడ్ ప్యాకేజీలు తెచ్చిపెట్టే టూల్) లాక్ ఫైలు, అంటే ఏ ప్యాకేజీ ఏ వెర్షనో రాసుకునే ఫైలు కూడా వెళ్లింది. టీమ్ లీడ్ గట్టిగా మందలించారు.

"గ్లోబల్ ఫైలు మొత్తం తీసేసి అన్నీ ప్రాజెక్టుల్లోనే పెడదామంటే అన్నయ్య ఒప్పుకోడు. 'ప్రాజెక్టు ఫైలు ఉంటే అదే గెలుస్తుంది, గ్లోబల్‌లో ఏముంటే ఏం' అంటాడు. నేర్పినవాడికే నేర్పుతున్నానని నొచ్చుకుంటున్నాడు. కాంట్రాక్టు పోతే ఇద్దరం నష్టపోతాం. ఎవరిది సరైన మాట?" ఇదీ వారి ప్రశ్న. గ్లోబల్ ఫైలు నకలు కూడా జతచేశారు.

సమాధానం

మిగతా మాటలకు ముందు ఒక పని ఉంది. ఆ డేటాబేస్ పాస్‌వర్డ్ ఇంకా మారకపోతే ఈరోజే మార్పించండి. ఫైలును రెపోలోంచి తీసేసినా పాత కమిట్లలో అది అలాగే ఉంటుంది, రెపో చూడగలిగే ఎవరైనా చదవగలరు. పాస్‌వర్డ్ మారాక ఆ ఫైలు పేరును గిట్‌ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితా) చేర్చండి. ఇప్పటికే కమిట్ అయిన ఫైలుకు గిట్‌ఇగ్నోర్ పనిచేయదు కనుక గిట్ ఆర్ఎం కమాండును క్యాష్డ్ ఆప్షన్‌తో ఇవ్వండి. మీ దగ్గర ఫైలు ఉంటుంది, రెపోలోంచి పోతుంది. పాత చరిత్రను తుడిచే ప్రయత్నం మాత్రం మీరుగా చేయొద్దు. అలా తుడిస్తే ఆ రెపో మీద పనిచేసే అందరి కాపీలూ తేడా పడతాయి. అది కంపెనీవాళ్లు తేల్చుకోవాల్సిన విషయం.

అసలు పాస్‌వర్డ్ అక్కడికెలా చేరిందో తెలిస్తే మళ్లీ జరగదు. క్లాడ్ కోడ్ ఒక కమాండు నడిపే ముందు అనుమతి అడుగుతుంది. "ఇకమీదట అడగొద్దు" అన్న జవాబును ఎంచుకుంటే ఆ అనుమతి ప్రాజెక్టులోని డాట్ క్లాడ్ ఫోల్డర్‌లో సెట్టింగ్స్.లోకల్.జేసన్ అనే ఫైలులో పడుతుంది. కమాండులోనే పాస్‌వర్డ్ టైపు చేసి ఉంటే అదీ దానితోపాటే రాసుకుపోవచ్చు. టూల్ తానే ఈ ఫైలును పుట్టించినప్పుడు గిట్ కంట పడకుండా ఏర్పాటు చేసుకుంటుంది. మీ అన్నయ్య కొత్త పని మొదలుపెట్టేటప్పుడు పాత ప్రాజెక్టులోని డాట్ క్లాడ్ ఫోల్డర్‌ను కాపీ చేసి తెచ్చుకుంటారని రాశారు. అలా చేత్తో తెచ్చిన ఫైలుకు ఆ ఏర్పాటు ఉండకపోవచ్చు. ఆ అలవాటు ఒక్కటి మానితే ఈ తరహా ప్రమాదం చాలావరకు పోతుంది. పాస్‌వర్డ్‌ను ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో (సిస్టం ఒక పేరుతో దాచుకునే విలువ) ఉంచి, కమాండులో దాని పేరు మాత్రమే వాడితే మిగిలినది కూడా పోతుంది.

ఇక మీ ఇద్దరి వాదన. అన్నయ్య మాట సగం నిజం, మీ మాట కూడా సగమే నిజం. గొడవ తెగకపోవడానికి కారణం మరొకటి. "కాన్ఫిగరేషన్" అని మీరిద్దరూ ఒకే పేరుతో పిలుస్తున్నదాంట్లో మూడు రకాల సరుకుంది, మూడూ మూడు రకాలుగా కలుస్తాయి.

మొదటిది ఒకే విలువ ఉండే సెట్టింగ్. ఏ మోడల్ (అసిస్టెంట్ వెనకున్న ఏఐ) వాడాలి అన్నది దానికి ఉదాహరణ. ఇక్కడ అన్నయ్య మాట పూర్తిగా నిజం. క్లాడ్ కోడ్‌లో హోమ్ ఫోల్డర్‌లోని సెట్టింగ్స్.జేసన్ అన్నిటికన్నా కింద ఉంటుంది. దానిమీద ప్రాజెక్టులో అందరికీ కలిపి కమిట్ చేసే సెట్టింగ్స్.జేసన్, దానిమీద అదే ప్రాజెక్టులో మీకు మాత్రమే ఉండే సెట్టింగ్స్.లోకల్.జేసన్, దానిమీద కమాండు ఇచ్చేటప్పుడు పక్కన రాసే ఆప్షన్లు, అన్నిటికీ పైన కంపెనీ అడ్మిన్ పెట్టే సెట్టింగులు. అడ్మిన్ సెట్టింగుల సంగతి వదిలేస్తే, ప్రాజెక్టుకు దగ్గరగా ఉన్నది గెలుస్తుంది, దూరంగా ఉన్నది ఓడిపోతుంది.

రెండోది జాబితా. అనుమతులు ఈ కోవలోకి వస్తాయి. ఇక్కడ ఒకటి గెలిచి ఇంకొకటి ఓడడం ఉండదు, అన్ని స్థాయిల్లోని జాబితాలూ కలిసిపోతాయి. గ్లోబల్‌లో ఇచ్చిన అనుమతి ప్రతి ప్రాజెక్టులోనూ అమల్లో ఉంటుంది. ప్రాజెక్టు ఫైలు దాని గురించి ఏమీ అనకపోతే అది రద్దయినట్టు కాదు. దాన్ని ఆపాలంటే నిషేధాల జాబితాలో పేరుపెట్టి రాయాల్సిందే. టూల్ ముందు నిషేధాలు చూస్తుంది, తర్వాత "అడిగి చెయ్" జాబితా, ఆఖరున అనుమతులు. అందుకే ఎక్కడ రాసిన నిషేధమైనా, ఎక్కడ ఇచ్చిన అనుమతినైనా కొట్టేస్తుంది. మీరు పంపిన నకలు చివర్లో సెట్టింగ్స్.జేసన్‌లోని అనుమతుల జాబితా కూడా ఉంది. అందులో గిట్ పుష్‌కు (మార్పులను సర్వర్‌కు పంపే కమాండు) అడగకుండానే అనుమతి ఉంది, గమనించారో లేదో. రైస్ మిల్లు పనిలో అది సౌకర్యం. హైదరాబాద్ రెపోలో అదే అనుమతి ఎవరూ చూడకముందే టీమ్ అంతా వాడే ప్రధాన కోడ్ అయిన మెయిన్ బ్రాంచ్‌కు మార్పులు పంపగలదు. మీకు ఇంతవరకు జరగని ఇబ్బంది ఇది, కానీ జరిగిన మూడింటికన్నా పెద్దది.

మూడోది సూచనల ఫైలు, అంటే క్లాడ్.ఎండీ. మీ బిల్లుల కథంతా ఇక్కడే ఉంది. ఇందులో గెలుపోటములు లేవు. హోమ్ ఫోల్డర్‌లోని క్లాడ్.ఎండీ, ప్రాజెక్టులోని క్లాడ్.ఎండీ రెండూ పూర్తిగా చదివి, ఒకదాని వెనుక ఒకటి పేర్చి మోడల్ ముందు పెడతారు. రెండింట్లో పొంతన లేని మాటలుంటే ఏది పాటించాలో తేల్చే యంత్రాంగం ఏదీ లేదు. మోడల్ ఆ క్షణాన సందర్భాన్ని బట్టి ఒకదాన్ని పట్టుకుంటుంది. నిన్న ప్రాజెక్టు మాట విని ఉండొచ్చు, ఇవాళ గ్లోబల్ మాట వినొచ్చు. నాన్న ఒకటి, తాతయ్య ఒకటి చెప్పి పంపిన పిల్లవాడు బజారులో తనకు తోచింది కొనుక్కొచ్చినట్టే ఉంటుంది. అన్నయ్య తన దగ్గర పదిసార్లు సరిగా రావడం చూసి "ప్రాజెక్టే గెలుస్తుంది" అనుకుని ఉంటారు. పదకొండోసారికి హామీ లేదు.

ఇప్పుడు ఐజీఎస్టీ సంగతి చూద్దాం. గ్లోబల్ ఫైలులో "మన రాష్ట్రం కోడ్ 37" అన్న లైను ఉంది. అది పాతపట్నం రైస్ మిల్లు పని చేసినప్పుడు రాసినది, ఆ పనికి అది సరైనదే, ఆంధ్రప్రదేశ్ జీఎస్టీ కోడ్ 37. పర్లాకిమిడి దుకాణం ఒడిశాలో ఉంది, దాని కోడ్ 21. దుకాణం ప్రాజెక్టు ఫైలులో రాష్ట్రం ఊసే లేదు. అంటే అక్కడ రెండు సూచనలు పోట్లాడుకోవడం కూడా జరగలేదు. ఖాళీగా ఉన్న చోటును గ్లోబల్ నింపేసింది. అమ్మేవాడు 37, కొనేవాడు 21, కాబట్టి అంతర్రాష్ట్ర అమ్మకం, కాబట్టి ఐజీఎస్టీ. తనకు తెలిసినదాన్నిబట్టి అసిస్టెంట్ లెక్క సరిగానే వేసింది. ఒడియా లేబుళ్లు పోవడానికీ ఇదే దారి. "స్క్రీన్ మీద మాటలన్నీ తెలుగులో ఉండాలి" అన్న లైను మిల్లుకు రాసి గ్లోబల్‌లో వదిలేశారు.

మీరున్న చోటును బట్టి ఇక్కడ ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. విజయవాడలో కూర్చుని అందరూ ఆంధ్రా కస్టమర్లే ఉన్న మనిషి రాష్ట్రం కోడ్‌ను గ్లోబల్‌లో పెట్టినా ఏళ్ల తరబడి ఏమీ కాకపోవచ్చు. సరిహద్దులో ఉన్నవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. రాష్ట్రం, భాష, పన్ను తీరు, బిల్లు మీద ఊరి పేరు ఏ లిపిలో రాయాలన్నది అన్నీ వీధి దాటితే మారతాయి. సిరొంచలోనో ధర్మాబాద్‌లోనో ఉండి మహారాష్ట్ర 27కు, తెలంగాణ 36కు రెండింటికీ పనిచేసేవాళ్లదీ ఇదే పరిస్థితి. మరోచోట "మామూలు" అనిపించే విషయం మీ దగ్గర కస్టమర్‌కో తీరుగా ఉంటుంది. అలాంటిదేదీ గ్లోబల్‌లో ఉండకూడదు.

ఇంకొక మెట్టు లోతుకు వెళ్లి చెప్పాలంటే, రాష్ట్రం కోడ్ ప్రాజెక్టు సూచనల ఫైలులో కూడా ఉండాల్సిన పని లేదు. జీఎస్టీ నంబరులోని 15 అక్షరాల్లో మొదటి రెండు అంకెలే రాష్ట్రం కోడ్. దుకాణం జీఎస్టీ నంబరు ప్రోగ్రామ్ డేటాలో ఎలాగూ ఉంటుంది. దాన్నుంచే కోడ్ తీసుకునేలా రాయండి. "అమ్మేవారు 21, కొనేవారు 21 అయితే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ; అమ్మేవారు 21, కొనేవారు 37 అయితే ఐజీఎస్టీ" అని రెండు టెస్టులు (లెక్క సరిగా వస్తోందో తనంతట తాను చూసే చిన్న కోడ్) రాసి పెట్టండి. సూచన మర్చిపోవచ్చు, టెస్టు మర్చిపోదు. రాష్ట్రాల పట్టికను అసిస్టెంట్ రాసిస్తే ఒకసారి కళ్లతో చూసుకోండి. విభజనకు ముందరి ఆంధ్రప్రదేశ్‌కు ఉన్న 28 పాత జాబితాల్లో ఇంకా కనిపిస్తుంది. పాతపట్నం నుంచి వచ్చి కౌంటరు దగ్గర బస్తాలు ఎత్తుకుపోయే రైతు విషయంలో బిల్లులో చిరునామా రాయడం, రాయకపోవడం మీద లెక్క మారుతుంది. దుకాణం ఆడిటర్‌ను అడిగి, ఆయన చెప్పిన మాటను ప్రాజెక్టు ఫైలులో రాసి, దానికీ ఒక టెస్టు పెట్టండి.

ఇక 400 లైన్లను ఏం చేయాలి? ప్రతి లైనును ఒక్క ప్రశ్న అడగండి. "ఈ రెపోను రేపు ముక్కూమొహం తెలియని మనిషి తన ల్యాప్‌టాప్‌లో క్లోన్ చేసుకుంటే, అంటే నకలు దించుకుంటే, అప్పుడు కూడా ఈ మాట నిజం కావాలా?" కావాలంటే అది ప్రాజెక్టుది, కమిట్ కావాలి. అక్కర్లేదు, ఇది నా అలవాటు మాత్రమే అంటే గ్లోబల్‌ది. నా అలవాటే కానీ ఈ ప్రాజెక్టు వరకే అంటే లోకల్‌ది, కమిట్ కాకూడదు. మీ నకలును ఈ ప్రశ్నతో చూస్తే గ్లోబల్‌లో మిగిలేవి చాలా తక్కువ. జవాబులు తెలుగులో క్లుప్తంగా ఇవ్వమనడం, పెద్ద మార్పుకు ముందు పథకం చెప్పి ఆగమనడం, తాను నడపని టెస్టును నడిపానని చెప్పొద్దనడం, అడగకుండా కొత్త ప్యాకేజీలు చేర్చొద్దనడం, ఇలాంటివి పదిహేను ఇరవై లైన్లు. టూల్ తయారీదారులే క్లాడ్.ఎండీ ఒక్కొక్కటి 200 లైన్లలోపు ఉంచుకోమంటారు. ఫైలు పొడవయ్యేకొద్దీ అందులోని ఒక్కో మాటకు దక్కే శ్రద్ధ తగ్గుతుంది, పైగా ఆ 400 లైన్లు ప్రతి సెషన్‌లోనూ చోటు ఆక్రమిస్తాయి.

కొన్ని లైన్లు ఈ మూడింట్లో దేనికీ చెందవు. "కోడ్ శుభ్రంగా రాయి", "తప్పులు చేయకు" లాంటివి తీసేయండి, వాటివల్ల ఏమీ మారదు. ఇండెంటేషన్ రెండు స్పేసులా నాలుగా అన్నది కోడ్ అమరికను సరిచేసే ఫార్మాటర్ కాన్ఫిగ్‌లో ఉంటే చాలు. ఎరువుల దుకాణంలో రిపోర్టులు రాసే ఒక్క ఫోల్డర్‌కే వర్తించే నియమాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. వాటిని డాట్ క్లాడ్ లోపల రూల్స్ ఫోల్డర్‌లో వేరే ఫైలుగా పెట్టి, ఏ ఫైళ్లకు వర్తించాలో పైన రాస్తే ఆ ఫైళ్లు ముట్టుకున్నప్పుడే చదువుతుంది. కర్సర్‌లో కూడా డాట్ కర్సర్ లోపలి రూల్స్ ఫోల్డర్ ఇలాంటి వీలే ఇస్తుంది.

ఇప్పుడు మీ వైపు. అన్నయ్య గ్లోబల్ ఫైలు అన్నయ్య ల్యాప్‌టాప్‌లోనే ఉంటుంది, మీ కర్సర్‌కు అదొకటుందనే తెలియదు. ఒకే దుకాణం కోడ్, ఇద్దరి దగ్గర రెండు రకాలుగా రావడానికి ఇదే కారణం. దీన్ని చూపించి "అన్నీ ప్రాజెక్టులోకే" అని మీరనడం సహజం, కానీ అదీ చిక్కే. మీ ఉత్తరంలోనే ఉంది: "నాకు తెలుగులో వివరించు" అన్న మాటను హైదరాబాద్ రెపోలోని ఏజెంట్స్.ఎండీలో (పలు అసిస్టెంట్లు చదివే సూచనల ఫైలు) చేర్చానని రాశారు. ఆ టీమ్‌లో తెలుగు రానివాళ్లకు కూడా అసిస్టెంట్ తెలుగులో మాట్లాడుతుంది. అన్నయ్య తన అలవాటును ప్రాజెక్టుల మీద రుద్దినట్టే ఇది మీ అలవాటును టీమ్ మీద రుద్దడం. ఆ లైను తీసి కర్సర్ సెట్టింగ్స్‌లోని యూజర్ రూల్స్‌లో పెట్టుకోండి. పైగా వ్యక్తిగతమైనవి కూడా ప్రతి రెపోలో పెడితే మూడు కాపీలవుతాయి. ఒకచోట మార్చి రెండుచోట్ల మరిచిపోవడానికి ఎక్కువ కాలం పట్టదు.

రెండు టూళ్లు వాడుతున్నారు కనుక మీ సొంత ప్రాజెక్టుల్లో ఉమ్మడి నియమాలను ఏజెంట్స్.ఎండీలో రాయండి. కర్సర్, కోడెక్స్ లాంటి అసిస్టెంట్లు దాన్ని నేరుగా చదువుతాయి. క్లాడ్ కోడ్ కోసం పక్కనే క్లాడ్.ఎండీ పెట్టి, అందులో ఎట్ గుర్తు వేసి దానికి ఆనించి ఏజెంట్స్.ఎండీ అని ఒక్క లైను రాస్తే ఆ ఫైలు మొత్తం అందులోకి వస్తుంది. ఇక నియమం ఒకచోటే ఉంటుంది, ఇద్దరూ అదే చదువుతారు. ఫైలు పేర్లలో చుక్కకు ముందున్న భాగం ఇంగ్లిషు పెద్దక్షరాల్లోనే ఉండాలి. లైనక్స్‌లో చిన్నక్షరాలు వాడితే టూల్‌కు ఫైలు దొరకదు, మీరేమో నియమం పనిచేయట్లేదని తలపట్టుకుంటారు.

అన్నయ్య ఎంతవరకు ఒప్పుకుంటారన్నదాన్ని బట్టి మీకు మూడు దారులున్నాయి.

ఆయన ఒప్పుకుంటే గ్లోబల్‌ను పైన చెప్పినట్టు ఇరవై లైన్లకు దించడం మేలు. ఒక పూట కూర్చుంటే అయ్యే పని. పాత ఫైలును పారేయకుండా వేరే పేరుతో దాచండి. మొదటి వారం "ఇదివరకు ఇది చేసేది, ఇప్పుడు చేయట్లేదు" అనిపించే సందర్భాలు వస్తాయి. ప్రతిసారీ పాత ఫైలులోంచి ఆ లైనును వెతికి, గ్లోబల్‌లోకి కాకుండా అది చెందిన ప్రాజెక్టులోకి తెండి. ఈ దారికి చెల్లించాల్సిన ధర ఆ వారం చికాకే.

ఆయనకు గ్లోబల్ ముట్టుకోవడం ఇష్టం లేకపోతే, పనులను బట్టి ఫోల్డర్లు వేరుచేయడం మధ్యే మార్గం. క్లాడ్ కోడ్ మీరు తెరిచిన ఫోల్డర్ నుంచి పైకి ఒక్కో మెట్టూ వెళ్తూ దారిలో కనిపించిన క్లాడ్.ఎండీలన్నీ చదువుతుంది. ఒడిశా పనులు ఒక ఫోల్డర్‌లో, ఆంధ్రా పనులు ఒకదానిలో, హైదరాబాద్ కంపెనీ పని ఇంకొకదానిలో ఉంచితే, రాష్ట్రానికో భాషకో చెందిన లైన్లను ఆ పై ఫోల్డర్ ఫైలులోకి దించొచ్చు. అన్నయ్యకు తన లైన్లు పోలేదన్న తృప్తి ఉంటుంది. లోపం ఏమిటంటే, ఆ పై ఫైలు ఏ రెపోలోనూ ఉండదు కాబట్టి మీ ల్యాప్‌టాప్‌కు రాదు. పైగా ఆరు నెలల తర్వాత అదొకటుందని ఆయనకే గుర్తుండకపోవచ్చు. ఇంకా గట్టి గోడ కావాలంటే, క్లాడ్, కాన్ఫిగ్, డిర్ అనే మూడు మాటలను పెద్దక్షరాల్లో అండర్‌స్కోర్లతో కలిపిన ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఉంది. కంపెనీ పనికి దాన్ని వేరే ఫోల్డర్‌కు చూపిస్తే ఆ పనికి వేరే గ్లోబల్ వస్తుంది. మళ్లీ లాగిన్ కావాలి, ఏ టెర్మినల్‌లో ఏది నడుస్తోందో గుర్తుంచుకోవాలి.

ఆయన దేనికీ ఒప్పుకోకపోతే గ్లోబల్‌ను అలాగే వదిలి ప్రాజెక్టు ఫైళ్లను గట్టిచేయడమే మీ చేతిలో ఉన్నది. విరుద్ధంగా ఉన్నవాటిని పేరుపెట్టి రాయండి: "ఇది ఒడిశా దుకాణం, రాష్ట్రం కోడ్ 21. మరోచోట 37 అని ఉన్నా ఇక్కడ వర్తించదు. ఒడియా లేబుళ్లు ఒడియాలోనే ఉంచు, అనువదించకు." ఇలా రాస్తే తప్పులు బాగా తగ్గుతాయి, పూర్తిగా పోవు. ఎందుకంటే అవీ సూచనలే. గ్లోబల్‌లో రేపు చేరబోయే లైనును మీరు ముందే ఊహించి రాయలేరు కూడా. పన్ను విషయంలో టెస్టులే మీకు రక్ష.

ఏ దారి పట్టినా హైదరాబాద్ రెపో విషయంలో సూచనల మీద ఆధారపడొద్దు. జరిగితే కాంట్రాక్టు పోయే పనిని అనుమతుల దగ్గరే ఆపాలి. గ్లోబల్ అనుమతుల్లోంచి గిట్ పుష్ తీసి "అడిగి చెయ్" జాబితాలో పెట్టమనండి. అందుకు ఆయన ఒప్పుకోకపోతే ఆ రెపోలోని లోకల్ సెట్టింగ్స్ ఫైలులో నిషేధంగా రాయించండి. ఈ నిషేధాలు కమాండు మొదలును చూసి పోలుస్తాయి. గిట్‌కు, పుష్‌కు మధ్య మరో ఆప్షన్ వస్తే తప్పించుకునే వీలుంది. అందుకని టీమ్ లీడ్‌ను అడిగి మెయిన్ బ్రాంచ్‌కు సర్వర్‌లోనే రక్షణ పెట్టించండి. రివ్యూ లేకుండా ఎవరూ, ఏ టూలూ అందులోకి నేరుగా పంపలేని ఏర్పాటు అది. పాస్‌వర్డుల్లాంటివి ఉంచే డాట్ ఈఎన్‌వీ ఫైలు చదవడాన్ని కూడా నిషేధించండి. ఆ ఫైలును తానే తెరిచే స్క్రిప్టును నడిపితే మాత్రం ఆ నిషేధం ఆపలేదు, కాబట్టి అసలైన పాస్‌వర్డులు ఆ ల్యాప్‌టాప్‌లో లేకపోవడమే మంచిది.

ఎన్‌పీఎం సంగతి చిన్నది. కంపెనీ దాని బదులు పీఎన్‌పీఎం వాడుతుంది, గ్లోబల్‌లో "ఎప్పుడూ ఎన్‌పీఎం" అని ఉంది. ఆ లైను తీసేయండి. ఏ లాక్ ఫైలు ఉందో చూసి అసిస్టెంట్ దాదాపు ఎప్పుడూ సరిగానే పోల్చుకుంటుంది. మీ నకలులో ప్రతి ఎడిట్ తర్వాత ఫార్మాటర్ నడిపే హుక్ (తనంతట తాను నడిచే కమాండు) కూడా ఒకటుంది. హుక్‌లు కూడా అన్ని స్థాయిలవీ కలిసే నడుస్తాయి. కంపెనీ ఫార్మాటింగ్ వేరైతే మూడు లైన్ల మార్పు మూడొందల లైన్ల డిఫ్ (మార్పుల పట్టిక) అయి కూర్చుంటుంది, రివ్యూ చేసేవాళ్లకు ఓపిక నశిస్తుంది. హుక్‌ను మీ సొంత ప్రాజెక్టుల్లోకి దించండి.

మార్పులయ్యాక నిజంగా పనిచేస్తోందో లేదో చూసుకోవాలి. క్లాడ్ కోడ్‌లో స్లాష్ మెమరీ అని కొడితే సూచనల ఫైళ్లు, స్లాష్ పర్మిషన్స్ అంటే ఏ అనుమతి ఏ ఫైలు నుంచి వచ్చిందో, స్లాష్ కాంటెక్స్ట్ అంటే ఏది ఎంత చోటు తింటోందో కనిపిస్తాయి. "ఏ ఫైలు చూసి ఇలా చేశావు?" అని అసిస్టెంట్‌నే అడగడం పనికొస్తుంది కానీ దాని జవాబును సాక్ష్యంగా తీసుకోవద్దు. ఆ తర్వాత మీ ఇద్దరి ల్యాప్‌టాపుల్లోనూ దుకాణం రెపోను కొత్త ఫోల్డర్‌లోకి క్లోన్ చేసి, కొత్త సెషన్‌లో ఒకే పని చెప్పండి: "బిల్లులో తగ్గింపు చూపే వరస ఒకటి చేర్చు." రెండు చోట్లా పన్ను లెక్క, లేబుళ్ల భాష ఒకేలా ఉంటే ప్రాజెక్టు ఫైలు తన కాళ్లమీద తాను నిలబడినట్టు. తేడా వస్తే ఆ తేడాకు కారణం ఇంకా ఎవరి గ్లోబల్‌లోనో ఉంది.

అన్నయ్యతో ఎలా మాట్లాడాలని అడిగారు. గ్లోబల్ ఫైలు తప్పు అన్న చోట మొదలుపెట్టొద్దు. ఆ 400 లైన్లలో ఆయన పనిలో నేర్చుకున్న విషయాలు చాలా ఉన్నాయి. మిల్లులో తేమ శాతాన్ని బట్టి తరుగు ఎలా వేయాలో, ఎరువుల బస్తా లెక్కలో ఎక్కడ పొరపాటు వస్తుందో రాసినవి నిజంగా విలువైనవి. అవి ఆయన ల్యాప్‌టాప్‌లో ఉన్నంతకాలం మీకు అందవు, డిస్క్ పోతే ఎవరికీ అందవు. "నువ్వు రాసినవి నాకూ కావాలి అన్నయ్యా, నా కర్సర్‌కు కనబడే చోట పెడదాం" అని అడగండి. అది నిజం కూడా. ఆ పూట ఫైలు ఆయన చేతిలోనే ఉండనివ్వండి. ఏ లైను ఏ ప్రాజెక్టుదో ఆయనకే బాగా తెలుసు, మీరు ప్రశ్న అడుగుతూ ఉంటే చాలు. మొదట "మన రాష్ట్రం కోడ్ 37" లైను దగ్గర మొదలుపెట్టండి, దాని మీద మీ ఇద్దరికీ వాదన ఉండదు.

ఒక్క విషయంలో మాత్రం ఆయన ఒప్పుకోలు కోసం ఆగొద్దు. కాంట్రాక్టు ఇద్దరి పేరు మీదా ఉందని రాశారు. పాస్‌వర్డ్ మారిందని, ఫైలు తీసేశామని, గిట్‌ఇగ్నోర్‌లో చేర్చామని, మెయిన్ బ్రాంచ్‌కు రక్షణ పెట్టమని కోరుతున్నామని టీమ్ లీడ్‌కు ఇద్దరి తరఫునా నాలుగు లైన్లు రాయండి. ఎవరి ల్యాప్‌టాప్ నుంచి వెళ్లిందన్నది అందులో రాయనక్కర్లేదు. పంపే ముందు అన్నయ్యకు చూపించండి.